గృహోపకరణములు: పొమ్మన్నను పోని ఫైళ్లు

మిక్సీ బిగుసుకొనినచో ఏమి చేయవలెను, ఫ్రిజ్జులో మంచు గడ్డకట్టినచో ఏమి చేయవలెను అని మా సోదరీమణులు వ్రాయు జాబులతో సమానముగా, ఇటీవల కంప్యూటరును గూర్చిన జాబులును మాకు చేరుచున్నవి. వానిలో పలువురు అడిగిన విషయము ఒకటి గలదు. అక్కరలేని ఫైలును తొలగింపబోగా యంత్రము వీలుకాదని మొరాయించుచున్నది, ఏమి చేయుదుమని. చూచుటకిది స్వల్పవిషయమువలె తోచును. కాని యింత స్వల్పవిషయమునుండి ఎంత నష్టము పుట్టగలదో తెలుపు జాబొకటి ఈ నెల మాకు వచ్చినది. దాని సారాంశమును ముందుగా చెప్పి, పిమ్మట విషయములోనికి పోయెదము.

ఆ జాబు వ్రాసిన సోదరి ఒక చిన్న పట్టణమున కాపురమున్న గృహిణి. ఇంటి లెక్కలు, పిల్లల బడి కాగితములు, గ్యాసు రసీదులు, కరెంటు రసీదులు, అన్నియు ఆమెయే కంప్యూటరులో భద్రపరచుచుండిరి. డిస్కు నిండినదని యంత్రము పలుమారులు హెచ్చరింపగా, అందులో నెవరివో పెండ్లి వీడియోల ఫోల్డరు మిక్కిలి పెద్దదిగా కనబడి దానిని తీసివేయబూనిరి. యంత్రము అంగీకరింపలేదు. నాలుగైదుసార్లు ప్రయత్నించిరి. నీకేల యీ గొడవ, అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు చూచునులెమ్మని ఇంటిలోనివారు చెప్పిరట. ఓపిక పట్టలేక దానిని మరమ్మతు దుకాణమునకు పంపగా, ఆ దుకాణదారుడు వైరసు పట్టినదని చెప్పి, ఫార్మాటు చేసి, సాయంకాలమునకు యంత్రమును శుభ్రముగా తుడిచి యిచ్చెను. పెండ్లి వీడియోలు పోయినవి. వానితోపాటు, మూడేండ్ల క్రిందట కాలము చేసిన ఆమె తల్లిగారు పాడిన మంగళహారతులును లాలిపాటలును, పదునొకండు పాటలు, అవియు పోయినవి. అవి మరల దొరకు ఉపాయ మేదైన గలదాయని ఆమె యడిగిరి. దానికి మా ప్రత్యుత్తరము ఈ వ్యాసము తుదను గలదు. అట్టి అవస్థ మరియొక యింట కలుగకుండుటకు తెలిసికొనవలసిన సంగతులను నడుమ చెప్పుచున్నాము.

మరమ్మతుదారులందరును అజాగ్రత్తపరులని మా భావము కాదు. ఫార్మాటు చేయుట వారికి చేతనగు పనులలో మిక్కిలి సులువైనది. కారణము వెదుకనక్కరలేదు, అరపూటలో పని ముగియును. కారణము వెదకుటకు ఓపిక కావలెను. ఆ ఓపిక ఆ ఫైళ్ల విలువ తెలిసినవారికే యుండును. అందుచేత ఇది ఇల్లాలు స్వయముగా నేర్వదగిన పనియని మేము నొక్కి చెప్పుచున్నాము. యంత్రము కాదన్నప్పుడు తెరమీద రెండు మూడు పంక్తులు కనబడును. వానిని చదువకుండ మూసివేయుట మనకందరకు అలవాటైపోయినది. చిక్కు విడదీయు మాట ఆ పంక్తులలోనే యుండును. అవి ఆంగ్లమున నుండి బోధపడకున్నచో, ఫోనుతో వానిని ఫొటో తీసి గూగులు అనువాదమునకు చూపినచో తెలుగులో చెప్పును.

మన యిండ్లలో విండోసు యంత్రములే ఎక్కువగా నున్నవి గనుక వానినే దృష్టియందుంచుకొని చెప్పెదము.

ఫైలు తొలగకపోవుటకు మిక్కిలి తరచుగా కలుగు కారణము, ఆ ఫైలును అప్పుడు వేరొక ప్రోగ్రాము తెరచియుండుట. ఇంటిలో నొకరు పుస్తకము చదువుచుండగా దానిని వారి చేతిలోనుండి లాగి పాతకాగితములవానికి తూచి యిచ్చివేయము గదా. వారు క్రింద పెట్టువరకు ఆగుదుము. విండోసును సాధారణముగా ఈ మర్యాదనే పాటించును. ఒక ప్రోగ్రాము ఒక ఫైలును పట్టుకొనియున్నంతవరకు దానిని తీసివేయుటకు మరియొకరిని రానీయదు. చిక్కంతయు ఎక్కడననగా, పట్టుకొనియున్న దెవరో మనకు కనబడకపోవుటలో. వీడియో చూచుట ముగించి దాని విండోను మూసితిమని మనము తలంతుము. ఆ ప్రోగ్రాము తెరవెనుక ఇంకను నడచుచుండవచ్చును. ఫోల్డరు ప్రక్కన బొమ్మను చూపు ప్రివ్యూ పలక తెరచియున్నచో, చూపుటకై ఆ పలకయే ఫైలును పట్టుకొనును. ఆల్టు, పి అను రెండు మీటలను కలిపి నొక్కినచో ఆ పలక మూసికొనును. పెద్ద వీడియోలను వైరసు నిరోధక ప్రోగ్రాము పరీక్షించుచున్నప్పుడును, వన్‌డ్రైవు వంటి ప్రోగ్రాము వానిని ఇంటర్నెట్టులోని నిలువకు ఎక్కించుచున్నప్పుడును ఇట్లే జరుగును. ఇట్టి పట్టు తనంతట తానే వదలును. యంత్రముతో పోట్లాడక, కాఫీ కలుపుకొని వచ్చి మరల ప్రయత్నించినచో అనేక పర్యాయములు పని జరిగిపోవును.

వర్డులో ఉత్తరములు వ్రాసికొను సోదరీమణులు ఒక చిత్రమును గమనించియుందురు. ఒక పత్రమును తెరచినప్పుడు దాని ప్రక్కనే అలవంటి గీతయు డాలరు గుర్తును మొదట గల చిన్న ఫైలొకటి దాగి పుట్టును. ఈ పత్ర మిప్పుడొకరి చేతిలో నున్నదని తెలుపు చీటీ యది. పత్రమును మూసినతోడనే మాయమగును. నడుమ కరెంటు పోయినచో ఆ చీటీ మిగిలిపోయి, లేనివా రున్నట్లు చెప్పుచుండును. వర్డు పూర్తిగా మూసియున్నప్పుడు ఆ చీటీని తీసివేయవచ్చును. భయము లేదు.

కాచుకొన్నను పని జరుగనిచో, తెరచిన ప్రోగ్రాములన్నిటిని మూసి, వ్రాయుచున్న పనులను భద్రపరచి, యంత్రమును రీస్టార్టు చేయుడు. షట్‌డౌను చేసి మరల వెలిగించుటయు రీస్టార్టు చేయుటయు ఒక్కటేయని పలువురు తలంతురు. 2012లో వచ్చిన విండోసు 8 మొదలుకొని వీనికి భేదము కలిగినది. త్వరగా వెలుగుటకై, షట్‌డౌను చేసినప్పుడు యంత్రము తన అంతర్భాగము ఏ స్థితిలో నున్నదో డిస్కుమీద వ్రాసియుంచుకొని, మరల వెలిగించినప్పుడు ఆ స్థితినే తిరిగి తెచ్చుకొనును. ఈ ఏర్పాటునకు ఫాస్టు స్టార్టప్ అని పేరు. లోపల ఏదైన చిక్కుకొనియున్నచో మరునాడును చిక్కుకొనియే యుండవచ్చును. రీస్టార్టు చేసినప్పుడు మాత్ర మంతయు క్రొత్తగా మొదలగును. నిన్న రాత్రి ఆపి యుదయము వెలిగించినను ఫైలు పోలేదని వ్రాసిన సోదరీమణులకు ఇదియే మా సమాధానము.

ఎవరు పట్టుకొనిరో కనుగొనవలెననినచో, కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడు మీటలను ఒక్కసారి నొక్కుడు. టాస్కు మేనేజరు తెరచుకొని, నడచుచున్న ప్రోగ్రాముల పట్టికను చూపును. అందు మీకు తెలిసిన పేరు, వీడియో చూపు ప్రోగ్రామో ఫొటోలు చూపునదో, కనబడినచో దానిని ఎన్నుకొని ఎండ్ టాస్కు అను మాటను నొక్కుడు. భద్రపరుపని పని యేదైన అందున్నచో అది పోవునని మరువరాదు. తెలియని పేర్ల జోలికి పోవలదు. యంత్రము నడచుటకు వలసినవియు ఆ పట్టికలోనే యుండును. ఇంతకంటె సూటియైన మార్గ మొకటి కలదు. మైక్రోసాఫ్టువారు పవర్‌టాయ్స్ అను పేర కొన్ని పనిముట్లను ఉచితముగా నిచ్చుచున్నారు. అందు 2022 నుండి ఫైల్ లాక్‌స్మిత్ అనునది చేరినది. ఫైలుమీద మౌసు కుడిమీట నొక్కి దీనిని పిలిచినచో, ఆ ఫైలును పట్టుకొనియున్న ప్రోగ్రాము పేరును చెప్పును. ఫైలు సంగతి మనకు తెలియవలసినది ఆ ఒక్క పేరే గదా.

ఇక తెరమీద పర్మిషను అనుమాట కనబడినచో సంగతి వేరు. పాత కంప్యూటరులోని డిస్కును తీయించి క్రొత్తదానికి తగిలించుకొన్నవారికి ఇది తరచుగా కలుగును. పాతదానిలోను మన పేరే, క్రొత్తదానిలోను మన పేరే. అయినను మన ఫైలును మనలను ముట్టనీయదు. ఇది విడ్డూరముగా తోచునుగాని, విండోసు మనుష్యులను పేరునుబట్టి గుర్తింపదు. ఖాతా తెరచినాడు దానికిచ్చిన పొడుగైన సంఖ్యనుబట్టి గుర్తించును. క్రొత్త యంత్రమున మన సంఖ్య వేరు గనుక మనము పరాయివారమైతిమి. ఆ ఫోల్డరుమీద కుడిమీట నొక్కి ప్రాపర్టీసు తెరచి, సెక్యూరిటీ, పిమ్మట అడ్వాన్సుడు అనువానిని నొక్కినచో, పైభాగమున ఓనరు అనుమాట కనబడును. దాని ప్రక్కనున్న ఛేంజి అనుదానిని నొక్కి మీ పేరు వ్రాసి, లోపలి ఫోల్డరులకును వర్తించునట్లు ప్రక్కనున్న గడిలో గుర్తుపెట్టుడు. ఇంటి యజమాని హక్కులుగల అడ్మినిస్ట్రేటరు ఖాతాలోనుండియే యీ పని చేయవలెను.

అయితే, ఆ ఓనరు స్థానమున ట్రస్టెడ్ ఇన్‌స్టాలరు అను పేరు కనబడినచో వెంటనే చేయి వెనుకకు తీయుడు. అది విండోసు తనకొరకు దాచుకొన్న సొత్తు. దానిని బలవంతముగా తొలగించుట, ఇల్లు ఇరుకుగా నున్నదని నడుమ స్తంభమును కొట్టివేయుటతో సమానము. క్రొత్త విండోసు వేయించిన పిమ్మట విండోసు డాట్ ఓల్డ్ అను పెద్ద ఫోల్డరు కనబడి, తొలగింపబోగా తొలగదు. దానికి పోరాడనక్కరలేదు. పాతదానికి మరలిపోవ దలచినవారికై దానిని పది దినములు ఉంచి, పిమ్మట విండోసే తీసివేయును. అంతవరకు ఆగలేనివారు సెట్టింగులలో సిస్టము, స్టోరేజి, టెంపరరీ ఫైల్సు అను వరుసను పోయి అచట తొలగింపవచ్చును.

తెలుగులో పేర్లు పెట్టుకొను మన సోదరీమణులకే ప్రత్యేకముగా కలుగు చిక్కొకటి గలదు. ఫైలు పేరును, అది యున్న ఫోల్డరుల పేర్లన్నిటిని వరుసగా చేర్చి విండోసు ఒక విలాసముగా చదువును. ఆ విలాసము 260 గుర్తులను మించినచో ఫోల్డరులను చూపు ఎక్స్‌ప్లోరరు తడబడి, పేరు మిక్కిలి పొడవైనదని చెప్పి ఫైలును తొలగింపక విడుచును. తెలుగున మన కంటికి ఒక అక్షరముగా కనబడునది యంత్రము లెక్కలో ఒకటి కాదు. స్త్రీ అనునది మనకు ఒక అక్షరము. యంత్రమునకు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, దీర్ఘపు గుడి, వెరసి ఆరు గుర్తులు. లక్ష్మి అను రెండక్షరముల పేరు ఏడు గుర్తులు. ఫోల్డరులో ఫోల్డరు, దానిలో మరియొక ఫోల్డరు చేసి, అన్నిటికిని పెండ్లిపత్రికలోవలె నిండుగా పేర్లు పెట్టినచో 260 ఎప్పుడు దాటినదో తెలియదు. దీనికి చికిత్స మిక్కిలి సులభము. అన్నిటికంటె వెలుపలనున్న ఫోల్డరు పేరును మార్చి ఒక్క అక్షరము చేయుడు. చాలనిచో దానిలోపలి ఫోల్డరుకును అట్లే చేయుడు. విలాసము పొట్టిదైనతోడనే తొలగును. తెలుగు పేర్లు మానవలెనని మేమనుట లేదు. ఇంటి ఫైళ్లకు తెలుగు పేర్లుండుట మాకు మిక్కిలి యిష్టము. ఫోల్డరులో ఫోల్డరు పెట్టుటను కొంచెము తగ్గించిన చాలును.

పెన్‌డ్రైవులోను కెమెరా కార్డులోను ఫైళ్లు తొలగనిచో ముందుగా కార్డు ప్రక్కను చూడుడు. పెద్ద ఎస్.డి. కార్డులకు ఒక అంచున గోటితో జరుపదగిన చిన్న మీట యుండును. అది క్రిందికి జారియున్నచో వ్రాయుటయు తుడుచుటయు రెండును ఆగిపోవును. అట్టి మీట యేమియు లేక, నిన్నటివరకు బాగుగా నున్న పెన్‌డ్రైవు హఠాత్తుగా దేనిని తొలగింపనీయనిచో, అది అరిగిపోయి ముసలిదైనదని యనుమానింపవలెను. కొన్ని పెన్‌డ్రైవులు అంత్యదశలో చదువుటకు మాత్రమే లొంగును. తొలగించు మాట విడిచి, అందున్నవానిని ఆ పూటే మరియొకచోటికి నకలు తీసికొనుడు.

ఫైలు పేరు కనబడుచున్నను, తొలగింపబోగా అట్టి ఫైలు లేదని చెప్పుటయు గలదు. అది చాల సార్లు పోయిన ఫైలు నీడ. ఎఫ్ 5 మీట నొక్కినచో తెర సరిచూచుకొని నీడ తొలగును. తొలగించినను మరల మరల వచ్చు ఫైలు విషయమై మాత్రము జాగ్రత్త పడవలెను. వేరొక యంత్రమునుండి వన్‌డ్రైవు దానిని తెచ్చుచుండవచ్చును, లేదా అది నిజముగానే వైరసు కావచ్చును. విండోసు సెక్యూరిటీలో ఆఫ్‌లైను స్కాను అను పరీక్ష గలదు. అది విండోసు పూర్తిగా మేలుకొనక ముందే వెదకును గనుక వైరసునకు దాగుకొను అవకాశము తక్కువ. దుకాణదారుడు వైరసన్నప్పుడు ఈ పరీక్ష చేసితివాయని అడుగుటకు మనకు హక్కు గలదు.

ఇంతవరకు మాట వినని యంత్రమును గూర్చి చెప్పితిమి. మా యనుభవమున మాట వినని యంత్రముకంటె, చెప్పినతోడనే వినునట్టి యంత్రమువలననే యిండ్లలో ఎక్కువ దుఃఖము కలుగుచున్నది.

తొలగించిన ఫైలును వెంటనే పారవేయక ఒక బుట్టలో నుంచు పద్ధతి మనకు క్రొత్తది కాదు. 1983లో ఆపిలు కంపెనీవారి లీసా యంత్రముపై చెత్తబుట్ట బొమ్మ కనబడినది. 1995లో విండోసు 95తోపాటు రీసైకిల్ బిన్ను వచ్చినది. పొరపాటున పారవేసిన ఉంగరమును బుట్ట బోర్లించి తీసికొనినట్లు, ఫైలును తిరిగి తెచ్చుకొనుటకే యీ యేర్పాటు. బుట్టలో నున్నంతకాలము చోటును ఆక్రమించియే యుండును; కనుక అన్నియు తొలగించితిమి గాని చోటు పెరుగలేదేమియని అడుగువారు బుట్టను ఖాళీ చేయలేదన్నమాట. ఖాళీ చేయుటకు ముందు ఒకసారి లోపల చూడుడు.

కాని యీ బుట్ట అన్నిచోట్లను లేదు. షిఫ్టు మీటను పట్టి డిలీటు నొక్కినచో ఫైలు బుట్టలో పడదు. సాధారణముగా పెన్‌డ్రైవునుండి తొలగించినదియు పడదు. తీగతో కంప్యూటరునకు తగిలించిన ఫోనులోనుండి తొలగించినదియు ఆ బుట్టలో దొరకదు. బుట్టలో పట్టనంత పెద్ద వీడియోను తొలగించునప్పుడు, శాశ్వతముగా తీసివేయుదునాయని యంత్ర మడుగును. చదువకుండ అవునను అలవాటు ఇచటనే ప్రాణము తీయును.

ఇంటర్నెట్టు నిలువల విషయమున మరియొక భ్రమ గలదు. ఫోనులోని ఫొటోలు గూగుల్ ఫొటోసులోను కనబడుచున్నవి గనుక మనకు రెండు నకళ్లున్నవని తలచి, చోటుకొరకు ఫోనులోనివానిని తొలగింతుము. అద్దములో కనబడు బొట్టును చూచి మనకు రెండు బొట్లున్నవనుకొనుట యెట్టిదో ఇదియు నట్టిదే. ఫోనులోని గూగుల్ ఫొటోసులో తొలగించినచో రెండుచోట్లను పోవును. అక్కడ ఎక్కించిన ఫొటోలు 60 దినములును, ఎక్కింపనివి 30 దినములును ట్రాషు అను బుట్టలో నుండి, పిమ్మట పూర్తిగా పోవును. గూగుల్ డ్రైవులోను, ఇంటి వాడుక వన్‌డ్రైవులోను గడువు 30 దినములు. ఫోనులో చోటు మాత్రమే కావలసినచో ఫ్రీ అప్ స్పేస్ అను మాట నొక్కవలెను. ఎక్కించినవానిని ఫోనునుండి తీసి, అచటివానిని అట్లే యుంచును. ఈ రెండు మాటల భేదమును తెలిసికొనకుండ ఏ యింటను ఫొటోలు తొలగింపరాదని మా గట్టి యభిప్రాయము.

బుట్టలోనుండియు పోయినపిమ్మట ఆశ గలదా? అది డిస్కు జాతినిబట్టి యుండును. లోపల పళ్లెములు తిరుగు పాతరకపు హార్డుడిస్కులో, తొలగించుటయనగా పుస్తకపు విషయసూచికలో ఆ పాఠము పేరును కొట్టివేయుట మాత్రమే. పుటలు అట్లే యుండును; ఆ పుటలపై క్రొత్తది వ్రాయబడువరకు వెదకి తీయవచ్చును. వెనుకటి డాస్ కాలమున ఫైలు పేరులోని మొదటి యక్షరమును మాత్రము చెరిపి అచట ఒక గుర్తు పెట్టెడివారు. 1982లో పీటర్ నార్టన్ అను అమెరికా దేశస్థుడు దీనిని ఆధారము చేసికొని పోయిన ఫైళ్లను తెచ్చు ప్రోగ్రామును అమ్మకమునకు తెచ్చెను. ఆ మొదటి యక్షరమేదో చెప్పుమని అట్టి ప్రోగ్రాములు యజమానినే అడుగుచుండెడివి! పళ్లెములు లేని ఎస్.ఎస్.డి. డిస్కులలో ఇట్టి యవకాశము చాలవరకు లేదు. ఫైలు తొలగినదని తెలిసినతోడనే ఆ డిస్కు ఆ పుటలను తనంతట ఖాళీ చేసికొనుటకు మొదలిడును. మీ యింట నున్న దేదియో తెలియుటకు టాస్కు మేనేజరులో పెర్ఫార్మెన్సు అను పుటను తెరచి డిస్కు పేరు క్రింద చూడుడు.

ఇప్పుడు ఆ సోదరికి మా ప్రత్యుత్తరము.

అమ్మా, మీ యంత్రమున నున్నది పాతరకపు హార్డుడిస్కు అయినచో ఈ క్షణమునుండి దానిని వాడకుడు, వెలిగింపకుడు. దుకాణదారుడు చేసినది క్విక్ ఫార్మాటు అయినచో విషయసూచిక మాత్రమే క్రొత్తదైనది. క్రొత్త విండోసు ఎక్కిన భాగము పోయినను, తక్కిన పుటలలో మీ తల్లిగారి పాటలు ఉండవచ్చును. పూర్తి ఫార్మాటు చేసియుండినచో డిస్కంతయు సున్నలతో నింపబడును గనుక ఆశ లేదు. ఏది చేసెనో అతనిని సౌమ్యముగా అడిగి తెలిసికొనుడు. కోపగించినచో నిజము చెప్పకపోవచ్చును. పిమ్మట డిస్కును తీయించి, మరియొక యంత్రమునకు తగిలించి వెదుకవలెను. మైక్రోసాఫ్టువారు 2020లో విడుదల చేసిన విండోసు ఫైల్ రికవరీ అను ఉచితపు ప్రోగ్రాము గలదు. ఎక్స్‌టెన్సివ్ అను పద్ధతి ఫార్మాటయిన డిస్కులకొరకే ఏర్పడినది. దొరకినవానిని ఆ డిస్కుమీదనే భద్రపరుపరాదు, వేరొక డిస్కుమీద ఉంచవలెను. అది ఆజ్ఞలు టైపుచేసి నడుపవలసినది గనుక మీ కుమారుని సహాయము తీసికొనుడు. పోయినదానిని తెచ్చు పనియే వృత్తిగా గలవారు పెద్ద పట్టణములలో నున్నారు. ఏమియు దొరకనిచో రుసుము తీసికొనరాదని ముందుగా మాట తీసికొని వారికిచ్చుట ఇంకను మేలు.

మీది ఎస్.ఎస్.డి. అయినచో డిస్కుమీద ఆశ పెట్టుకొనవలదని చెప్పుటకు మాకు కష్టముగానే యున్నది. వైద్యుడువలె నిజము చెప్పుటయే మేలని చెప్పితిమి.

ఇకముందు ఎవరి దుకాణమునకు యంత్రమును పంపినను, డిస్కును తుడుచుటకు ముందు నన్ను అడుగవలెనని ఒక కాగితముపై వ్రాసి దానికి అంటించి పంపుడు. విండోసును మరల క్రొత్తగా వేయుటకు మార్గములలో కీప్ మై ఫైల్స్ అనునది యొకటి గలదు. దానిని ఎన్నుకొన్నచో మీ పత్రములును ఫొటోలును నిలుచును, ప్రోగ్రాములు మాత్రము మరల వేసికొనవలెను. తొలగని ఫోల్డరు ఒక్కటి యున్నదని దానికి ఇంతటి పని కూడ అనవసరము.

మరియొక సంగతి. ఆ పాటలు కంప్యూటరులో పుట్టినవి కావు గదా. ఏ ఫోనులో పట్టితిరో ఆ ఫోను ఇంటిలో ఏ డ్రాయరులోనైన పడియున్నదేమో చూడుడు. అందులోని చిన్న కార్డును పారవేసిరో, పిల్లల ఆటబొమ్మ కెమెరాలో పెట్టిరో అడుగుడు. మీ తల్లిగారి పాటను మీరు అక్కచెల్లెండ్రకో, వదినగారికో, మేనమామగారికో వాట్సాపులో పంపియుండినచో, దానిని దించుకొన్న వారి ఫోనులో అది నేటికిని ఉండవచ్చును. ఆ పాట వచ్చిన నెలయు సంవత్సరమును జ్ఞాపకము చేసికొని చెప్పినచో వెదకుట సులభమగును. ఒకరి కడ రెండు, మరియొకరి కడ మూడు దొరకినను దొరకవచ్చును. ఎవరికి పంపితిరో జాబితా వ్రాసికొని, పెద్దవారితో మొదలుపెట్టుడు. వారు ఫోనులలోనివి తొలగించుట తక్కువ.